ఇల్లే పనిచోటు అయినప్పుడు: చట్టం చెప్పేది, మనం చూడవలసినది

సేవాసంస్థలకు వచ్చే దరఖాస్తుల్లో ఒకప్పుడు కుట్టుమిషను కోసం వచ్చేవే ఎక్కువ. ఇప్పుడు వాటి పక్కన ల్యాప్‌టాప్ కోసం వచ్చేవి కూడా చేరాయి. మొదటి దాంట్లో "ఇంట్లో ఉండి కుట్టుకుంటాను" అని ఉంటుంది. రెండో దాంట్లో "వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటాను" అని ఉంటుంది. మాట వేరు, కోరిక ఒకటే. గడప దాటకుండా, పిల్లలనూ పెద్దలనూ చూసుకుంటూ, నాలుగు రూపాయలు సంపాదించుకోవాలి. ఈ కోరిక గౌరవించదగినది. అయితే మనం ఇచ్చిన వస్తువు ఆ ఇంటికి చేరిన తర్వాత ఏం జరుగుతుంది? ఆ ఇంట్లో చేసిన పనికి కూలీ ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు ఎగ్గొడితే ఎవరిని అడగాలి? ఒంట్లో బాగాలేకపోతే, కాన్పు వస్తే, వయసు మీద పడితే ఆమెకు దిక్కేమిటి? ఈ ప్రశ్నలకు చట్టం కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల మెత్తగా జవాబు చెబుతుంది. ఏ చోట ఎలా చెబుతుందో దాతలైన మీకు తెలిస్తే మీరిచ్చే ప్రతి రూపాయీ ఎక్కువ కాలం పనిచేస్తుందని మేము నమ్ముతున్నాం. అందుకే ఈ వ్యాసం.

మాట కొత్తది, పని పాతది

2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పడ్డాక "వర్క్ ఫ్రమ్ హోమ్" అనే మాట ప్రతి ఇంటికీ చేరింది. హైదరాబాదు ఐ.టి. కంపెనీల వారు వంటగది పక్కన బల్ల వేసుకుని కూర్చున్నారు. ఉపాధ్యాయులమైన మేము కూడా ఆ అనుభవానికి దూరంగా లేము. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్, టి-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఫోన్లలో పిల్లల హాజరు అడగడం, రాత్రి పదింటికి తల్లిదండ్రుల సందేశాలకు జవాబు చెప్పడం మాకు అలవాటైంది. బడి గంట లేని ఉద్యోగం అంటే పొద్దంతా బడే అని అప్పుడు తెలిసింది.

కానీ మన బస్తీలకు ఇది కొత్త కాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో తరాలుగా ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్నారు. కాంట్రాక్టరు తునికాకు, తంబాకు, దారం తూచి ఇస్తాడు. వీరు ఆకు కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పగిస్తారు. హైదరాబాదు పాతబస్తీలో గాజులకు రాళ్లు అద్దేవారు, జర్దోజీ, మగ్గం పని చేసేవారు, అగరుబత్తీలు చుట్టేవారు ఎంతోమంది ఉన్నారు. వీరంతా ఇంటి నుంచి పనిచేసేవారే. తేడా ఒక్కటే. ఐ.టి. ఉద్యోగి చేతిలో నియామక పత్రం ఉంటుంది, నెలకు జీతం చీటీ వస్తుంది. గాజులకు రాళ్లు అద్దే ఆమె చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఈ ఒక్క తేడా మీదే మిగిలిన కథంతా నడుస్తుంది.

లాభాలు

మొదటి లాభం, అసలు పని దొరకడమే. పశ్చిమ బెంగాల్‌లో కొందరు ఆర్థిక పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఆఫీసుకు వచ్చి చేయవలసిన పని ఇస్తామంటే 15 శాతం మంది స్త్రీలు ఒప్పుకున్నారు. అలాంటి పనినే ఇంటి నుంచి, తమకు వీలైన వేళల్లో చేసుకోవచ్చు అంటే 48 శాతం మంది ముందుకొచ్చారు. అంటే మూడింతల పైమాటే. ఇంటి పనితో మొదలుపెట్టిన వారు తర్వాత బయటి పనికి వెళ్లడానికి కూడా ఎక్కువగా సిద్ధపడ్డారు. ఇల్లు ఇక్కడ అడ్డుగోడ కాలేదు, మొదటి మెట్టు అయింది. పర్దా పాటించే కుటుంబాలకూ, పసిపిల్లల తల్లులకూ, మంచాన పడిన అత్తమామలను చూసుకునే కోడళ్లకూ, నడవలేని యువకులకూ ఈ మెట్టు విలువ మనం వేరే చెప్పుకోనక్కరలేదు.

రెండో లాభం, సమయమూ ఖర్చూ. నగరంలో రోజుకు రెండు మూడు గంటలు బస్సుల్లో, ఆటోల్లో పోతాయి. ఆ గంటలు ఇంటికి మిగులుతాయి. ఊళ్లో ఉన్నవారు అద్దె కోసం నగరానికి రానక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025 ఫిబ్రవరిలో మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పించే ఆలోచన ప్రకటించింది. దగ్గరి పట్టణాల్లో నలుగురూ కలిసి కూర్చుని పనిచేసే చోట్లు ఏర్పాటు చేయాలన్నది అందులో భాగం.

మూడో లాభం యజమానికి. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సేవల కంపెనీ కాల్ సెంటరులో తొమ్మిది నెలల ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. అదే సంస్థలో వారానికి రెండు రోజులు మాత్రం ఇంటి నుంచి చేయనిచ్చిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. పనిలో తేడా రాలేదు, మానేసేవారు మూడో వంతు తగ్గారు.

నష్టాలు

సీట్రిప్ కథలో రెండో సగం కూడా ఉంది. ఇంట్లో ఉన్నవారు పని ఎక్కువ చేసినా, ఆ పనికి తగినట్టు పదోన్నతులు రాలేదు. కళ్లెదుట లేనివారు గుర్తుకు రారు. ప్రయోగం ముగిశాక వారిలో సగం మంది దాకా ఆఫీసుకే వెళ్తామన్నారు. ఒంటరితనం ముఖ్య కారణం.

మన పక్కనే ఉన్న చెన్నైలో డేటా ఎంట్రీ పనివారి మీద జరిగిన పరిశోధన వేరే ఫలితం చూపింది. ఇంటి నుంచి చేసినవారి పని ఆఫీసులో చేసినవారి కంటే 18 శాతం తక్కువ. ఆఫీసులో ఉన్నవారు పని త్వరగా నేర్చుకున్నారు కూడా. విచారకరమైన విషయం ఏమిటంటే, ఇంటి నుంచి చేస్తామని కోరుకున్న వారికే ఇంట్లో పని ఎక్కువగా దెబ్బతింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఉండక తప్పని వారే ఇంటి నుంచి పని అడుగుతారు. అలాంటి ఇంట్లో పనికి చోటు ఉండదు, నిశ్శబ్దం ఉండదు, వరుసగా ఒక గంట దొరకదు.

2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాలవినియోగ సర్వే లెక్క చూడండి. ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు 289 నిమిషాలు ఇస్తున్నారు. ఇంటి పనులు చేసే మగవారు ఇచ్చేది 88 నిమిషాలు. అంటే కూలీ పని ఇంటికి రాకముందే ఆమెకు అయిదు గంటల దాకా పని ఉంది. పైగా వచ్చిన పని ఆ అయిదు గంటల మధ్య ఖాళీల్లో ఇరుకుతుంది. చివరికి అందరూ పడుకున్నాక లైటు కింద సాగుతుంది.

ఖర్చు మాట కూడా ఉంది. కార్ఖానాలో అయితే చోటు, కరెంటు, మిషను, మరమ్మతు యజమాని ఖర్చు. ఇంట్లో అయితే అవన్నీ కుటుంబం ఖర్చు. ఉదాహరణకు ఒక జాకెట్టు మగ్గం పనికి 600 రూపాయలు ఇస్తారనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది. దానికి అయిదు రోజులు పట్టి, దారానికీ కరెంటుకూ 100 పోతే, చేతికి మిగిలింది రోజుకు 100 రూపాయలు. కట్టల లెక్కన, ముక్కల లెక్కన కూలీ ఇచ్చే పనిలో ఈ సంగతి బయటికి కనిపించదు.

ఉపాధ్యాయులుగా మేము చూసే నష్టం మరొకటి ఉంది. పని ఇంటికి వస్తే అది అమ్మ ఒక్కదాని దగ్గరే ఆగదు. ఆకు కత్తిరించడానికి ఒక కూతురు, కట్టలు కట్టడానికి మరో కూతురు కూర్చుంటారు. పరీక్షల నెలలో మగపిల్లవాడికి పుస్తకం, ఆడపిల్లకు చాట. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు బడి వేళలు అయ్యాక కుటుంబం పనిలో సాయపడవచ్చు. ప్రమాదకరమైన పనుల్లో మాత్రం పెట్టకూడదు. చదువు దెబ్బతినకూడదు. ఇంటి గోడల మధ్య ఈ గీత ఎక్కడ దాటారో తనిఖీ అధికారికి కనిపించదు. తరగతి గదిలో నిద్రపోతున్న పిల్ల ముఖంలో మాకు కనిపిస్తుంది.

పాత చట్టాలు ఏం చెప్పాయి

ఇంట్లో చేసే పనికి చట్టం వర్తించదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే "ఉద్యోగి" అనే మాటకు అర్థం చెబుతూ, సరుకు ఇంటికి తీసుకెళ్లి పనిచేసి ఇచ్చేవారిని కూడా అందులో చేర్చింది. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా సరుకు తీసుకుని ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీ కూడా ఉద్యోగే అని అది స్పష్టంగా రాసింది. బీడీ కంపెనీలు దీన్ని సవాలు చేశాయి. 1974లో మంగుళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత 1985లో పి.ఎం. పటేల్ కేసులో, ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారికి కూడా ప్రావిడెంట్ ఫండ్ హక్కు ఉందని తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో కోర్టు చూపిన తర్కం మనవాళ్లందరికీ తెలియాలి. "ఆమె మా కళ్లెదుట లేదు, మా అదుపులో లేదు, కాబట్టి మా ఉద్యోగి కాదు" అన్నది కంపెనీల వాదన. కోర్టు ఏమందంటే, బాగాలేని బీడీలను తిరస్కరించే అధికారం మీ చేతిలోనే ఉంది కదా, అదే అదుపు. పని ఎక్కడ కూర్చుని చేశారన్నది కాదు, ఎలా ఉండాలో నిర్ణయించేది ఎవరన్నదే ముఖ్యం.

ఇదే తర్కం అంతకు ముందే మన తెలుగు నేల మీద నుంచి వెళ్లిన ఒక కేసులో కనిపిస్తుంది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు 1973లో తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న దుకాణాల చట్టం కింద వచ్చిన వివాదం అది. దర్జీలకు బట్టకు ఇంత అని కూలీ, రావడానికీ పోవడానికీ కచ్చితమైన వేళలు లేవు, కొందరు అనుమతితో బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. అయినా వారు ఉద్యోగులే అని కోర్టు అంది. కుట్టు చెప్పినట్టు లేకపోతే తిరిగి కుట్టమనే హక్కు దుకాణదారుడికి ఉండటం అక్కడ కూడా ఒక ముఖ్య ఆధారం. బొటిక్ యజమాని ఇచ్చిన డిజైను ప్రకారం ఇంట్లో మగ్గం పని చేసే చెల్లెమ్మ ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

హక్కు ఉండటం వేరు, అది చేతికి అందడం వేరు. తెలంగాణలో బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇవ్వాలనుకున్నప్పుడు ప్రభుత్వం ఆధారంగా తీసుకున్నది పి.ఎఫ్. నమోదునే. పాతికేళ్లు బీడీలు చుట్టినా పి.ఎఫ్. ఖాతా లేనివారు, వేరొకరి పేరు మీద సరుకు తీసుకున్నవారు ఆ జాబితా బయటే ఉండిపోయారు. చేతులు ఒకేలా అరిగాయి. కాగితం మాత్రం కొందరికే ఉంది.

జీతం ఉద్యోగులకు చట్టం

నెలజీతం మీద ఇంటి నుంచి పనిచేసేవారి సంగతి చూద్దాం. "ఇంటి నుంచి పనిచేసే హక్కు" అని మన దేశంలో సాధారణ చట్టం ఏదీ లేదు. యజమాని ఒప్పుకుంటేనే ఉంది, రమ్మంటే వెళ్లాలి. అక్కడక్కడ మాత్రం దాని ప్రస్తావన వస్తుంది.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. పని స్వభావం అనుకూలిస్తే, సెలవు తర్వాత ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద యజమాని ఆమెను ఇంటి నుంచి చేయనివ్వవచ్చు అని అందులో చేర్చారు. "వచ్చు" అనే మాట గమనించాలి. ఇవ్వాలి అని కాదు. ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని కంపెనీలకు 2022 జూలైలో ఒక నిబంధన తెచ్చి ఉద్యోగులను ఇంటి నుంచి చేయనివ్వడానికి దారి తీశారు. దాని గడువును ఆ తర్వాత పొడిగిస్తూ వచ్చారు. ఇది కంపెనీకి ఇచ్చిన అనుమతే తప్ప ఉద్యోగికి ఇచ్చిన హక్కు కాదు.

పని ఇంట్లో చేసినంత మాత్రాన మిగిలిన హక్కులు పోవు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీ వర్తించే సంస్థ అయితే ఉద్యోగి ఎక్కడ కూర్చున్నా వర్తిస్తాయి. పనిచోట లైంగిక వేధింపులను నివారించే 2013 చట్టం "పనిచోటు" అనే మాటకు ఇచ్చిన అర్థంలో నివాస గృహాన్ని కూడా చేర్చింది. వీడియో కాల్‌లో, రాత్రి పూట సందేశాల్లో అధికారి హద్దు మీరితే, అది ఇంట్లో జరిగిందని ఊరుకోనక్కరలేదు. పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి.

కొత్త కార్మిక స్మృతులు

పార్లమెంటు 2019, 2020లలో ఆమోదించిన నాలుగు కార్మిక స్మృతులను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చింది. వీటిలో సామాజిక భద్రత స్మృతి "ఇంటి వద్ద పనిచేసే శ్రామికుడు" అంటే ఎవరో చెబుతుంది. యజమాని కోసం తన ఇంట్లో గానీ, తాను ఎంచుకున్న మరో చోట గానీ కూలీ తీసుకుని వస్తువులు తయారుచేసేవారు లేదా సేవలు అందించేవారు. పనిముట్లు, సరుకు యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా సరే. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలోనూ దాదాపు ఇదే నిర్వచనం ఉంది. "సేవలు" అనే మాట వల్ల గాజులకు రాళ్లు అద్దే ఆమెతో పాటు కూలీ మీద టైపు చేసిచ్చే అమ్మాయి కూడా ఈ నిర్వచనం కిందికి రాగలదు.

నిర్వచనం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. ఇలాంటి శ్రామికులకు ఆ స్మృతి ఇచ్చేది ముఖ్యంగా నమోదు, ఆపై ప్రభుత్వాలు రూపొందించే పథకాలు. వేతనాల స్మృతిలో పనిని బట్టి ఇచ్చే కూలీకి కూడా కనీస రేటు నిర్ణయించాలని ఉంది. నెలజీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలని ఉంది. పని భద్రతకు సంబంధించిన స్మృతి ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. కష్టం చేసిన వారి కూలీ ఆలస్యం చేయకూడదన్న బోధ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. ఇప్పుడు దానికి తేదీ కూడా ఉంది.

బయటి దేశాలు

కొన్ని దేశాలు ఈ విషయంలో మనకంటే ముందుకు వెళ్లాయి. పని వేళలు అయ్యాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి అమలు చేస్తోంది. పోర్చుగల్ 2021 చివర్లో చేసిన చట్టం, పని వేళలు ముగిశాక ఉద్యోగిని కదిలించకూడదని యజమానికే బాధ్యత పెట్టింది. ఇంటి నుంచి చేసేవారి ఖర్చులు యజమాని భరించాలని స్పెయిన్ చట్టం చెబుతుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వీలైన పద్ధతిలో పని కోరవచ్చు. యజమాని కారణం చెప్పి కాదనవచ్చు. జర్మనీలో ఒక ఉద్యోగి ఉదయం పడకగది నుంచి మెట్లు దిగి ఇంట్లోనే ఉన్న పనిగదికి వెళ్తూ జారిపడ్డాడు. అది పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదమేనని, బీమా వర్తిస్తుందని అక్కడి కోర్టు 2021 డిసెంబరులో తీర్పు చెప్పింది. మన దేశంలో పని వేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కు కోసం సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఇవన్నీ జీతం ఉద్యోగుల సంగతులు. చేతిపని చేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పని మీద 177వ ఒప్పందం చేసింది. ఇంట్లో చేసేవారినీ కార్ఖానాలో చేసేవారినీ సమానంగా చూడాలన్నది దాని సారం. ఆ ఒప్పందం రావడానికి గట్టిగా పాటుపడిన వాటిలో ఇలా భట్ 1972లో అహ్మదాబాదులో స్థాపించిన సేవా సంఘం ఒకటి. మన దేశం మాత్రం ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు.

మోసాల సంగతి

ఇంటి నుంచి పని కావాలన్న ఆశ ఎక్కడ ఎక్కువగా ఉంటుందో మోసగాళ్లు అక్కడికే వస్తారు. టైపింగు పని ఇస్తామని ముందు డిపాజిట్ కట్టించుకుంటారు. పని పూర్తి చేసి పంపితే తప్పులు ఉన్నాయంటారు. ఒప్పందం తప్పారు, జరిమానా కట్టండి, కోర్టు నోటీసు వస్తుంది అని బెదిరిస్తారు. మరో రకం, ఫోనులో వీడియోలకు లైకులు కొడితే డబ్బు అంటారు. మొదట వంద, రెండు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత పెద్ద మొత్తం పెట్టమంటారు. గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

దాతలు చేయగలిగినవి

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి మాకు తోచినది ఒకటే. ఇంటి నుంచి పని మంచిదా చెడ్డదా అన్నది ఆ పని వెనుక కాగితం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. అందువల్ల వస్తువుతో పాటు కాగితం కూడా ఆ ఇంటికి చేరేలా చూడమని దాతలను కోరుతున్నాం.

1. కుట్టుమిషను గానీ ల్యాప్‌టాప్ గానీ ఇచ్చేటప్పుడు దానితో పాటు ఒక లెక్కపుస్తకం ఇవ్వండి. ఎవరు ఏ తేదీన ఎంత సరుకు ఇచ్చారు, ఎంత తిరిగి ఇచ్చాం, రేటు ఎంత, ఎంత అందింది అని ఆమె రాసుకోవాలి. రాయలేని చోట ఇంట్లో చదువుకునే అమ్మాయి రాస్తుంది. రేపు కార్మిక శాఖ ముందు నిలబడితే ఆమెకు సాక్ష్యం ఈ పుస్తకమే. ఫోనులో వచ్చిన ఆర్డర్లనూ సందేశాలనూ చెరపకూడదని కూడా చెప్పండి.

2. సరఫరా చేసే యజమాని మన జమాతులోనే, మన బంధువుల్లోనే ఉండవచ్చు. ముక్కకు ఇంత అనే రేటును రోజు కూలీగా మార్చి చూడమని అతన్ని మృదువుగా అడగండి. ఒకరోజు కూర్చుని లెక్కవేస్తే చాలు. ఆ రోజు కూలీ కనీస వేతనానికి ఎంత దూరంలో ఉందో అతనికే తెలుస్తుంది.

3. నమోదు శిబిరాలు పెట్టండి. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న అసంఘటిత కార్మికులు ఈ-శ్రమ్‌లో ఉచితంగా నమోదు కావచ్చు. నెల ఆదాయం 15,000 దాటని, 18 నుంచి 40 ఏళ్ల వారు ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరితే వారు కట్టినంత ప్రభుత్వమూ కడుతుంది. 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను వస్తుంది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఉపకారవేతనం కూడా అడగవచ్చు. ఒక రోజు శిబిరానికి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

4. మహల్లాలో ఒక గది చూపించండి. మదర్సా పైన ఖాళీగా ఉన్న గది కావచ్చు, షాదీఖానా పక్క హాలు కావచ్చు. మంచి వెలుతురు, ఇంటర్నెట్టు, మరుగుదొడ్డి, పిల్లలను కూర్చోబెట్టే చోటు ఉంటే చాలు. ఇంటికి రెండు నిమిషాల దూరంలో పదిమంది ఆడవాళ్లు కలిసి పనిచేస్తే ఇంటి సౌకర్యమూ ఉంటుంది, నేర్చుకోవడమూ ఉంటుంది. రేటు గురించి పదిమందీ ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఒంటరిగా కూర్చున్న స్త్రీ బేరమాడలేదు.

5. యువకులకూ యువతులకూ కంప్యూటర్ నేర్పే శిక్షణలో ఒక రోజు నియామక పత్రం చదవడానికి, జీతం చీటీ అర్థం చేసుకోవడానికి, మోసాలు గుర్తుపట్టడానికి కేటాయించండి. ఈ పాఠం చెప్పడానికి మా వంటి ఉపాధ్యాయులు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు, రుసుము అడగరు.

6. సాయం అందుకున్న ఇంట్లో ఆడపిల్ల బడికి వస్తోందో లేదో ఆరు నెలలకు ఒకసారి కనుక్కోండి. తల్లి సంపాదన కూతురి చదువును మింగకూడదు.

ఇందులో పెద్ద డబ్బు అడిగేవి ఒకటి రెండే. మిగిలినవి ఓపికతో, పర్యవేక్షణతో జరిగేవి. కుట్టుమిషను పదేళ్లకు పాతబడుతుంది, ల్యాప్‌టాప్ అయిదేళ్లకు మూలన పడుతుంది. ఒక స్త్రీ పేరు మీద తెరిచిన పి.ఎఫ్. ఖాతా, ఆమె చేతిలోని గుర్తింపు కార్డు, ఆమె నేర్చుకున్న లెక్క ఆమె ముసలితనం దాకా తోడుంటాయి. ఈ ఏడాది మీరు మిషను ఇవ్వబోయే ఇంటికి ఒక లెక్కపుస్తకం కూడా పంపండి. వచ్చే ఏడాది ఆ పుస్తకం తెరిచి చూద్దాం.